వానలో ఆగిన బండి: గండి ఎక్కడ? పూడిక ఎక్కడ?



మన సంచికలో ప్రతిసారీ కవితలు, జ్ఞాపకాలు, గురువుల గురించిన వ్యాసాలు వస్తుంటాయి. అవి ఉండవలసిందే. ఈసారి నేను చేతికి పనికొచ్చే ఒక పాఠం రాద్దామనుకున్నాను. వసతి గృహంలో ఉన్నన్నాళ్లూ మనలో ఎవరికీ బండి లేదు. బయటికి వెళ్లాక మాత్రం మొదట కొనేది బండే, అదీ వాయిదాల మీద. మిర్యాలగూడ రైసు మిల్లులకు పోయేవారు, మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకు షిఫ్టుకు పోయేవారు, సూర్యాపేటలో పార్సిళ్లు అందించేవారు, కోదాడ చుట్టుపక్కల ఊళ్లకు పాలు, కూరగాయలు తీసుకుపోయేవారు మన పాత విద్యార్థుల్లో ఎందరో ఉన్నారు. బండి ఆగితే ఆ రోజు కూలి ఆగుతుంది.

జూన్ నుంచి అక్టోబరు దాకా నేను పనిచేసే షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ వాటి ఫిర్యాదు ఒకటే. "వాన పడితే ఆగిపోతుంది." దీనికి కావలసిన చదువు పదో తరగతి భౌతికశాస్త్రంలోనే ఉంది. 'విద్యుత్ ప్రవాహం', 'విద్యుదయస్కాంతత్వం' అనే రెండు పాఠాలు చదివినవారు ఎవరైనా ఈ వ్యాసాన్ని అర్థం చేసుకోగలరు.

ఒక బండి సంగతి

కొన్నేళ్ల కింద మిర్యాలగూడ మిల్లులో బస్తాల లెక్క రాసే ఒక తమ్ముడు, మన హాస్టల్లో చదివినవాడే, బండి తెచ్చాడు. పాత 100 సీసీ బండి.

"అన్నా, చినుకు పడ్తే సాలు, బండి బంద్ అయితంది. ఎండ వస్తె మళ్ల మంచిగనే నడుస్తది" అన్నాడు.

"ఇప్పటిదాకా ఏం మార్చినవు తమ్మీ?" అని అడిగాను.

"ప్లగ్ మార్చిన. కాయిల్ మార్చిన. సీడీఐ గూడ మార్చిన. రెండు వేలకు పైనే అయినయి. ఈ నెల ఇంటికి పైసలు పంపలేదన్నా."

నేను కూడా ఆ రోజు తొందరపడ్డాను. ప్లగ్ క్యాప్ పాతదిగా కనిపిస్తే అది మార్చి పంపాను. వారం తిరక్కుండా వాన పడింది, బండి మళ్లీ ఆగింది. నాకు సిగ్గనిపించింది. అతను మార్చిన సామాన్లలో ఒక్కటి కూడా చెడిపోలేదు. మేమందరం కారణం వెతకకుండా సామాను మార్చాము. అసలు తప్పు ఎక్కడుందో కింద చెబుతాను. దానికి ముందు నీటికీ కరెంటుకూ ఉన్న సంబంధం తెలుసుకోవాలి.

నీరు ఒక్కటే దోషి కాదు

నీటిలో కరెంటు పారుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. నిజానికి శుద్ధమైన నీటిలో కరెంటు చాలా తక్కువగా పారుతుంది. 25 డిగ్రీల వేడి దగ్గర, అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఉన్న అతి శుద్ధమైన నీటి ముక్కను ఊహించుకుంటే దాని నిరోధం సుమారు 1 కోటి 80 లక్షల ఓములు. అదే ఉప్పులు బాగా ఉన్న బోరు నీరైతే వేయి ఓముల దాకా పడిపోవచ్చు. తేడా అంతా నీటిలో కరిగిన లవణాలది.

వాన చినుకు ఆకాశం నుంచి పడేటప్పుడు దాదాపు శుభ్రంగానే ఉంటుంది. బండి మీద పడ్డాక అక్కడున్న దుమ్మును కరిగించుకుంటుంది. మన ప్రాంతంలో ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తవుడు, ఊక బూడిద ఉంటాయి. మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు పొడి ఉంటుంది. పొలాల దారిలో ఎరువు మడ్డి అంటుతుంది. ఇవన్నీ తడిస్తే కరెంటుకు దారి ఇస్తాయి. అందుకే ఎడతెగని పెద్ద వానలో నడిచిన బండి సన్నని ముసురులో ఆగడం కనిపిస్తుంది. పెద్ద వాన దుమ్మును కడిగివేస్తుంది, ముసురు దాన్ని తడిపి అక్కడే ఉంచుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున మంచు కురిసినప్పుడు స్టార్ట్ కాని బండ్లలో కొన్నింటికి కారణం ఇదే.

గండి, పూడిక

మనకు సాగర్ ఎడమ కాలువ తెలుసు. చివరి ఆయకట్టుకు నీరు అందడం లేదంటే రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, మధ్యలో ఎక్కడో గండి పడి నీరు పక్కకు పోతూ ఉండాలి. రెండు, కాలువలో పూడిక పేరుకుని నీరు ముందుకు సాగకుండా ఉండాలి. గండి పడితే పూడ్చాలి, పూడిక ఉంటే తీయాలి. రెంటికీ కొత్త కాలువ తవ్వడం మందు కాదు.

బండి కరెంటులో తేమ చేసే చెరుపు కూడా ఈ రెండు రకాలే.

గండి అంటే కరెంటు పోకూడని చోటికి తడి దారి చూపడం. ఇది తడిగా ఉన్నప్పుడే కనిపిస్తుంది, ఆరగానే మాయమవుతుంది.

పూడిక అంటే వైరు కలిసే చోట చిలుము పట్టి కరెంటుకు అడ్డుపడడం. ఇది వానతో మొదలవుతుంది కానీ ఎండ వచ్చినా పోదు. నెలనెలా పెరుగుతుంది.

కాబట్టి మెకానిక్ అడగవలసిన మొదటి ప్రశ్న, "ఆరిన తర్వాత బాగవుతుందా, కాదా?" అన్నది. జవాబు "అవును" అయితే ముందు గండి కోసం వెతకాలి. "కాదు" అయితే పూడిక కోసం వెతకాలి. ఆ తమ్ముడు మొదటి మాటలోనే జవాబు చెప్పాడు. వినవలసినవాడిని నేను వినలేదు.

ప్లగ్ దగ్గర గండి

1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ వల్లనే ప్లగ్‌లో నిప్పు పుడుతుంది. ఇగ్నిషన్ కాయిల్‌లో రెండు తీగ చుట్లు ఉంటాయి. తక్కువ చుట్లున్న ప్రైమరీలో కరెంటు ఒక్కసారిగా మారితే, ఎక్కువ చుట్లున్న సెకండరీలో పది వేల వోల్టులు, అంతకు మించి కూడా పుడతాయి.

ఇంత వోల్టేజీ ఎందుకు? ప్లగ్ మొన దగ్గర ఉండే సందు ఎక్కువ బండ్లలో 0.6 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది. బయట గాలిలో ఆ సందును దూకడానికి రెండు మూడు వేల వోల్టులు చాలు. కానీ సిలిండర్ లోపల పిస్టన్ గాలిని నొక్కిపెడుతుంది. నొక్కిన గాలిని దూకడానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే ప్లగ్ విప్పి బయట పెట్టినప్పుడు నిప్పు మెరిసినా, లోపల మెరుస్తుందన్న నమ్మకం లేదు. ఇది చాలామంది మరచిపోయే సంగతి.

కాయిల్ దగ్గర వోల్టేజీ ఎక్కువే కానీ శక్తి కొంచెమే. ప్లగ్ క్యాప్ లోపల, లేదా ప్లగ్ తెల్ల పింగాణీ మీద తడి మురికి పొర ఉంటే ఆ కొంచెం శక్తి పొర మీదుగా ఇంజన్ బాడీకి జారిపోతుంది. గండి పడిన కాలువలో నీటి మట్టం లేవనట్టే ఇక్కడ వోల్టేజీ లేవదు. సందును దూకేంత బలం రాదు. బండి ముక్కుతుంది, తుమ్ముతుంది, ఆగుతుంది.

ఇంకొక ప్రమాదం ఉంది. తడి దారిలో నిప్పురవ్వలు పాకిన చోట రబ్బరు, ప్లాస్టిక్ కాలి సన్నని నల్లగీత ఏర్పడుతుంది. అది బొగ్గు. బొగ్గులో కరెంటు పారుతుంది. అప్పటి నుంచి ఆ గండి పొడిగా ఉన్నప్పుడు కూడా ఉంటుంది. నల్లగీత పడిన క్యాప్‌ను తుడిచి లాభం లేదు, మార్చవలసిందే.

తాళం దగ్గర గండి

ఇప్పుడు మిర్యాలగూడ తమ్ముడి బండికి వద్దాం. హీరో హోండా తరహా పాత ఏసీ సీడీఐ బండ్లలో ఇంజన్‌ను ఆపే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. తాళం తిప్పి ఆఫ్ చేస్తే కరెంటు తెగదు. సీడీఐ నుంచి వచ్చే నలుపు మీద తెల్ల చార ఉన్న వైరును తాళం స్విచ్ ఎర్త్‌కు కలుపుతుంది. ఎర్త్ అంటే ఆకుపచ్చ వైరు. సీడీఐకి రావలసిన కరెంటు ఎర్త్‌లోకి పోతుంది, ప్లగ్‌లో నిప్పు ఆగుతుంది.

హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. వాన నీరు అందులోంచి దిగుతుంది. లోపల ఏళ్ల తరబడి అరిగిన ఇత్తడి పొడి, దుమ్ము, పాత గ్రీజు ఉంటాయి. అవి తడిస్తే నలుపు-తెలుపు వైరుకూ ఆకుపచ్చ వైరుకూ మధ్య దారి ఏర్పడుతుంది. తాళం ఆన్‌లోనే ఉంటుంది, కానీ సీడీఐకి మాత్రం ఎవరో ఆఫ్ చేసినట్టే ఉంటుంది.

రెండోసారి ఆ బండి వచ్చినప్పుడు నేను ఏమీ మార్చలేదు. తాళం రంధ్రంలో కొద్దిగా నీళ్లు పోసి కిక్ కొట్టాను. స్టార్ట్ కాలేదు. హెడ్‌లైట్ దగ్గర కప్లర్‌లో ఆ నలుపు-తెలుపు వైరును వేరు చేసి కిక్ కొట్టాను. ఒక్క కిక్‌కే అందుకుంది. స్విచ్‌ను విప్పి, లోపలి పలకను శుభ్రం చేసి, ఆరబెట్టి, తాజా గ్రీజు రాసి బిగించాము. రంధ్రానికి మూత పెట్టుకొమ్మని చెప్పాను. ఖర్చు గ్రీజు ఖరీదు. ఆ తమ్ముడు అప్పటికే పెట్టిన రెండు వేలు మాత్రం తిరిగి రాలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వైరు వేరు చేస్తే తాళంతో బండి ఆగదు. గేరులో ఉంచి, బ్రేకు నొక్కి, క్లచ్ మెల్లగా వదిలి ఆపాలి. ఇది పరీక్ష కోసమే, అలాగే నడుపుకోవడానికి కాదు.

బ్యాటరీ కరెంటుతో పనిచేసే డీసీ సీడీఐ బండ్లలో లెక్క తిరగబడుతుంది. అక్కడ స్విచ్ కరెంటును అందిస్తుంది. కాబట్టి స్విచ్‌లో చిలుము పడితే కరెంటు అందదు. మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోవాలి.

పూడిక: చిలుము లెక్క

రాగి పాత్రను తోమకుండా వదిలేస్తే పచ్చగా చిలుము పడుతుంది కదా. కప్లర్లలోని రాగి, ఇత్తడి పిన్నులకూ అదే పడుతుంది. బ్యాటరీ తలల మీద తెల్లని, పచ్చని పొడి కనిపిస్తుంది. ఈ చిలుము సరిగా కరెంటును పోనివ్వదు.

పదో తరగతి లెక్క ఒకటి చేద్దాం. హెడ్‌లైట్ బల్బు 12 వోల్టులు, 35 వాట్లు. కరెంటు 35ను 12తో భాగిస్తే సుమారు 2.9 ఆంపియర్లు. నిరోధం 12ను 2.9తో భాగిస్తే సుమారు 4.1 ఓములు. ఇప్పుడు కప్లర్‌లో చిలుము వల్ల 1 ఓము నిరోధం చేరిందనుకోండి. మొత్తం 5.1 ఓములు. కరెంటు సుమారు 2.35 ఆంపియర్లకు తగ్గుతుంది. బల్బుకు అందేది 9.6 వోల్టులు మాత్రమే. వేడిని బట్టి బల్బు నిరోధం మారుతుంది కానీ మన లెక్క కోసం మారదనుకుందాం. 35 వాట్ల బల్బు 23 వాట్లకు పడిపోయింది. వెలుతురు అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది.

మిగిలిన వోల్టేజీ ఏమైంది? కప్లర్‌లోనే వేడిగా మారింది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సుమారు 5.5 వాట్లు. వేలెడంత ప్లాస్టిక్ కప్లర్‌కు అది చాలా ఎక్కువ. కరిగిన కప్లర్లు, నల్లబడిన వైర్లు కనిపించేది ఇందుకే. ఒక్క ఓము అంత పని చేస్తుంది.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద, సూర్యాపేట, కోదాడల మధ్య రాత్రిపూట బండి నడిపేవారికి ఇది ప్రాణానికి సంబంధించిన లెక్క. ముందు లైటు మసకబారితే మనకు తెలుస్తుంది. వెనక లైటు, బ్రేకు లైటు పోతే మనకు తెలియదు, వెనక వచ్చే లారీ డ్రైవరుకు మనం కనపడము. వాన పడిన రోజు బయలుదేరే ముందు బ్రేకు నొక్కి, వెనక గోడ మీద ఎర్ర వెలుగు పడుతుందో లేదో చూసుకోండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ విడివిడిగా నొక్కి చూడాలి. రెండింటికీ వేరువేరు స్విచ్‌లు ఉంటాయి.

దారిలో ఆగినప్పుడు

ఈ వరుసలో చూడండి. వరుస మార్చవద్దు. తేలికది ముందు, కష్టమైనది తర్వాత.

1. బండిని రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు తీయండి. చీకటైతే ఫోను లైటు వెనక వైపు చూపండి.

2. పెట్రోలు, తాళం, కిల్ స్విచ్, సైడ్ స్టాండు చూడండి. కొత్త బండ్లలో సైడ్ స్టాండు దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. అందులో బురద చేరితే స్టాండు తీసినా వేసినట్టే బండి అనుకుంటుంది. నీళ్లు కాకుండా పొడి గుడ్డతో, పుల్లతో బురద తీయండి.

3. హారన్, ఇండికేటర్ పనిచేస్తున్నాయా? రెండూ పనిచేయకపోతే ఫ్యూజ్ చూడండి.

4. తాళం ఆఫ్ చేసి, ప్లగ్ క్యాప్‌ను తీయండి. వైరు పట్టి లాగవద్దు, క్యాప్ పట్టి తిప్పుతూ తీయాలి. ఇంజన్ వేడిగా ఉంటుంది, చేయి జాగ్రత్త. క్యాప్ లోపల, ప్లగ్ పింగాణీ మీద పొడి గుడ్డతో తుడవండి. క్యాప్ లోపలికి గట్టిగా ఊదవద్దు, నోటి తేమ చేరుతుంది. విదిలించి, గుడ్డ కొనతో తుడవడం మేలు. మళ్లీ పెట్టేటప్పుడు 'టక్' మని కూర్చోవాలి.

5. తాళం చెవిని స్విచ్‌లో అయిదారుసార్లు ఆన్, ఆఫ్ తిప్పండి. కొన్నిసార్లు లోపలి నీటి పొర తెగుతుంది.

6. అప్పుడు కిక్ కొట్టండి. పది కిక్కులకు అందకపోతే ఆపండి. ఊరికే సెల్ఫ్ నొక్కుతూ ఉంటే బ్యాటరీ దిగిపోయి, రెండో సమస్య తయారవుతుంది.

ఇంటి దగ్గర వెతికే పద్ధతి

గండి కోసం: చీకటి పడ్డాక, గాలి ఆడే చోట బండిని స్టార్ట్ చేసి నిలపండి. బట్టలు ఇస్త్రీ చేసేవారు వాడే నీటి స్ప్రే సీసాతో ప్లగ్ వైరు మీద, క్యాప్ మీద, కాయిల్ మీద ఒక్కొక్క చోట సన్నగా చల్లండి. గండి ఉంటే నీలం రంగు సన్నని నిప్పు పాకడం కనిపిస్తుంది, లేదా ఇంజన్ మాట మారుతుంది. ఎక్కడ చల్లినప్పుడు మారిందో అక్కడే తప్పు. నడుస్తున్న ఇంజన్ క్యాప్‌ను, వైరును చేత్తో ముట్టవద్దు, పీకవద్దు. షాక్ కొడుతుంది, సీడీఐ కూడా పాడు కావచ్చు.

పూడిక కోసం: మల్టీమీటర్ ఉంటే మేలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో మొన ఇంజన్ బాడీ మీద ఉంచి, బ్యాటరీ మీద నడిచే లైట్లు, హారన్ వేయండి. ఎర్త్ బాగుంటే మీటరు సున్నకు దగ్గరగా చూపుతుంది. అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టు దగ్గర పూడిక ఉంది. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయండి. లైట్లన్నీ ఒకేసారి మసకగా ఉండి, ఇండికేటర్ వేస్తే వేరే బల్బు మినుకుమంటుంటే అది చాలావరకు ఎర్త్ సమస్యే.

ఇంజన్ ఆపి కొన్ని గంటలు ఉంచిన బ్యాటరీ సుమారు 12.4 నుంచి 12.8 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తూ కొంచెం రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ కొనే ముందు, ఛార్జింగ్ కప్లర్లు విప్పి చిలుము చూడండి.

నీట మునిగిన బండి

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన మన జిల్లాలో ఎవరూ మరచిపోలేరు. కోదాడలో వాగు నీటికి కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటి నీటిలో మునిగిన బండి వేరు, వానలో తడిసిన బండి వేరు.

మునిగిన బండిని స్టార్ట్ చేయవద్దు. తాళం కూడా తిప్పవద్దు. గాలి నొక్కుకుపోతుంది కానీ నీరు నొక్కుకుపోదు. సిలిండర్‌లో నీరుండగా సెల్ఫ్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. ముందు ఫొటోలు తీసుకోండి. సమగ్ర బీమా ఉంటే వరద నష్టానికి పరిహారం అడగవచ్చు. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే సొంత బండి నష్టానికి రాదు. తర్వాత బ్యాటరీ వైర్లు తీయండి, నెగెటివ్ ముందు. ప్లగ్ విప్పి, ఇంజన్‌లో నీరు లేకుండా చూసి, ఆయిల్ దించండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసిందని అర్థం. ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ట్యాంకు కూడా చూడాలి. కప్లర్లన్నీ విప్పి, బురదను శుభ్రమైన నీటితో కడిగి, నీడలో గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. బురదలోని లవణాలు అక్కడే ఉండిపోతే చిలుము తర్వాత నెలల్లో బయటపడుతుంది. ఈ పని తెలిసిన మెకానిక్ చేతిలో జరగాలి.

ఇంకో మాట. రోడ్డు మీద నీరు పారుతుంటే బండి దాటుతుందా లేదా అని ఆలోచించవద్దు. వెనక్కి తిరగండి. బండి మళ్లీ దొరుకుతుంది.

చేయకూడని పనులు

ఫ్యూజ్ పోతే సిగరెట్ పెట్టె తగరం చుట్టవద్దు. ఫ్యూజ్ పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉందని చెబుతోంది. దాని నోరు మూస్తే వైరింగ్ అంతా కాలుతుంది. అంతే ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి, మళ్లీ పోతే షార్ట్ వెతకండి.

ప్లగ్‌ను విప్పి నిప్పు చూసేటప్పుడు ప్లగ్ రంధ్రానికి దూరంగా, బాడీకి ఆనించి పెట్టండి. రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. కాగితం మంటతో ప్లగ్ ఆరబెట్టడం బండి దగ్గర చేయవలసిన పని కాదు.

కప్లర్లను పెట్రోలుతో కడగవద్దు. ఎలక్ట్రికల్ పనికి అమ్మే కాంటాక్ట్ క్లీనర్ వాడండి. లేకపోతే బ్యాటరీ తీసి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి.

బ్యాటరీలో బోరు నీరు, ఫిల్టరు నీరు పోయవద్దు. నీరు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. లవణాల సంగతి పైన చదివారు కదా.

సాగర్ కాలువలో దించి బండి కడగవద్దు. వాటర్ సర్వీసింగ్‌లో స్విచ్‌లు, ప్లగ్, కాయిల్, మీటరు మీద నేరుగా పైపు పెట్టనివ్వవద్దు. వాన చేరలేని చోటికి కూడా ఆ ఒత్తిడి నీటిని పంపుతుంది. వానకు ఎప్పుడూ ఆగని బండి సర్వీసింగ్ అయిన మర్నాడు ఆగడం నేను చాలాసార్లు చూశాను.

తడి వైరు మీద టేపు చుట్టవద్దు. లోపలి తడి బయటికి పోదు. అలాగే వేడి ఇంజన్ మీద వెంటనే కవరు కప్పవద్దు.

మే నెలలో ఒక పూట పని

వానాకాలానికి ముందు ఒక ఆదివారం పూట చాలు. ప్లగ్ క్యాప్ రబ్బరు పగిలి ఉంటే మార్చండి. కప్లర్లు విప్పి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి బిగించండి. బ్యాటరీ తలల మీద తెల్లపొడి ఉంటే వైర్లు తీసి, వంట సోడా కలిపిన నీటి గుడ్డతో తుడిచి, ఆరాక బిగించి, వాజలైన్ రాయండి. సోడా నీరు బ్యాటరీ లోపలికి పోకూడదు. వైరు కప్లర్‌లోకి పైనుంచి దిగితే నీరు వైరు వెంట జారి లోపలికి పోతుంది. అందుకే వైరు కప్లర్‌కు ముందు కొంచెం కిందికి వంగి, మళ్లీ పైకి వచ్చేట్టు కట్టండి. చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ఇంటి గోడలోకి కరెంటు తీగ తెచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్ చేసేది కూడా ఇదే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజక్షన్ ఉంది. సెన్సార్లు, వాటి కప్లర్లు ఎక్కువ. వాటిలో వైర్లు వేరు చేసి పరీక్షలు చేయకండి. ఇంజన్ గుర్తు లైటు వెలిగితే, అది చూపే కోడ్ చదవగల చోటికి తీసుకుపోండి. అక్కడ కూడా "సెన్సార్ మార్చాలి" అంటే, "కప్లర్ విప్పి చూశారా అన్నా?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడగడానికి డబ్బు అక్కరలేదు.

అభ్యాసం

కింది ప్రశ్నలకు జవాబులు హాస్టల్లో కూర్చుని చర్చించండి.

1. వానలో ఆగి, ఆరగానే నడిచే బండి. గండా, పూడికా?
2. వాన వెలిసి పది రోజులైనా హారన్ సన్నగా మోగుతోంది. గండా, పూడికా?
3. కప్లర్‌లో అర ఓము చిలుము ఉంటే 35 వాట్ల బల్బుకు ఎన్ని వోల్టులు అందుతాయి? (జవాబు: సుమారు 10.7)
4. ప్లగ్ బయట మెరుస్తోంది, బండి మాత్రం స్టార్ట్ కావడం లేదు. ఇంకా ఏమేమి అనుమానించాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఓమ్ నియమం రెండు మార్కుల ప్రశ్నగా మనకు పరిచయమైంది. పరీక్ష అయ్యాక దాన్ని మరచిపోయినందుకు ఒక తమ్ముడు రెండు వేలు పోగొట్టుకున్నాడు. అందులో నా తొందరపాటు కూడా ఉంది. ఈసారి మీ అన్నదో, నాన్నదో బండి వానలో ఆగితే కొట్టుకు పరుగెత్తే ముందు ఒక పొడి గుడ్డ తీసుకుని బండి దగ్గర కూర్చోండి. ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. ఆరితే బాగవుతుందా, కాదా?